గాలి పడవకు ఫిష్ ఫైండర్ బిగించాలంటే: ఏ మౌంటు ఎవరికి సరిపోతుంది

ఏప్రిల్‌లో టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి తమ్ముడొకడు ఫోన్ చేశాడు. నా దగ్గర గాలం పట్టడం నేర్చుకున్న కుర్రాడు. కొత్తగా ఇంటెక్స్ కంపెనీ గాలి పడవ, అంటే గాలి కొట్టి ఉబ్బించే పడవ, కొన్నాడు. నీళ్ళ కింద చేపలను తెర మీద చూపించే ఫిష్ ఫైండర్ కూడా, నాలుగంగుళాల తెర ఉన్నది, తెప్పించుకున్నాడు. "అన్నా, తెర ఎక్కడ బిగించాలో తెలియట్లేదు. ఎక్కడ చెయ్యి పెట్టినా గాలే, బోల్టు దిగే చోటే లేదు" అన్నాడు.

"తెర సంగతి తర్వాత చూద్దాం. ట్రాన్స్‌డ్యూసర్ ఎక్కడ వేలాడదీస్తావు?" అని అడిగాను. అటునుంచి జవాబు లేదు. గాలి పడవ వాళ్ళలో ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. తెర కళ్ళముందు ఉంటుంది కాబట్టి ఆలోచనంతా దాని మీదే. నిజానికి తెరను ఒళ్ళో పెట్టుకున్నా పని జరుగుతుంది. నీళ్ళలోకి శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని పట్టుకునే ఆ చిన్న ముక్క, ట్రాన్స్‌డ్యూసర్, మాత్రం నిటారుగా, కదలకుండా ఉండకపోతే తెర చూపించే బొమ్మకు అర్థం లేదు.

మాది కైకలూరు వైపు. కొల్లేరు మీద దోనెను గెడకర్రతో నెట్టేవాళ్ళను చూస్తూ పెరిగాను. నెట్టేదీ గెడే, లోతు చెప్పేదీ గెడే. గెడను నిటారుగా దింపితే ఉన్న లోతు తెలుస్తుంది, ఏటవాలుగా దింపితే లోతు ఎక్కువైనట్టు కనిపిస్తుంది, అది తాకిన చోటు కూడా దోనె కింద ఉండదు. ట్రాన్స్‌డ్యూసర్‌తోనూ అంతే. కర్ర బదులు శబ్దం దిగుతుంది.

లెక్క వేసి చూడండి. ట్రాన్స్‌డ్యూసర్ నుంచి శబ్దం శంకువులా విచ్చుకుంటూ దిగుతుంది. శంకువు కోణం 20 డిగ్రీలు అనుకుంటే 20 అడుగుల లోతులో అడుగున కనిపించే వృత్తం వ్యాసం సుమారు 7 అడుగులే. ట్రాన్స్‌డ్యూసర్ 10 డిగ్రీలు పక్కకు ఒరిగిందంటే ఆ వృత్తం నడిమధ్య మీ కిందనుంచి మూడున్నర అడుగులు జరిగిపోతుంది. ఇక్కడి రే రాబర్ట్స్ చెరువులో మునిగిపోయిన చెట్ల కొమ్మల్లో క్రాపీ అనే చేప గుంపు కడుతుంది. తెర మీద చేపలు చూసి గాలాన్ని నిలువుగా దింపుతారు. మూడున్నర అడుగులు తేడా వస్తే గాలం ఖాళీ నీళ్ళలో వేలాడుతూ ఉంటుంది. చేపలు కొరకట్లేదనుకుని పడవ తిప్పుకుని పోతారు.

ఈ తిప్పలు ఫైబర్ పడవ వాళ్ళకు ఉండవు, వెనక పలకకు రెండు స్క్రూలు దింపితే సరిపోతుంది. గాలి పడవలో చిక్కు ఏమిటంటే ట్యూబు ఊపిరి తీస్తుంది, అంటే ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. ఒడ్డున 27 డిగ్రీల ఎండలో గాలి కొట్టి, 18 డిగ్రీల నీళ్ళలో దించారనుకోండి. లోపలి గాలి చల్లబడుతుంది. వినైల్ పడవల్లో గాలి ఒత్తిడి 1 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఒక పౌను) దరిదాపుల్లోనే ఉంటుంది కాబట్టి, లెక్క ప్రకారం ఆ చలికే దాదాపు సగం పోతుంది. వినైల్ కూడా కాస్త ముడుచుకుంటుంది కనుక అంత పోదుగానీ, ట్యూబు మెత్తబడిందని చేతికి తెలుస్తుంది. మధ్యాహ్నం ఎండకు మళ్ళీ బిర్రబిగుస్తుంది. పొద్దున ట్యూబు చుట్టూ గట్టిగా కట్టింది గంటలో వదులవుతుంది, మధ్యాహ్నానికి ట్యూబును కోసేలా బిగుసుకుంటుంది.

అదే డ్రాప్‌స్టిచ్ నేల, అంటే లోపల వేలాది దారాలతో రెండు పొరలను కలిపి కుట్టిన నేల, 10 పీఎస్‌ఐ ఆపైన నిలుస్తుంది. అదే చలికి అది పోగొట్టుకునేది వందకు ఏడో ఎనిమిదో వంతులు. చెక్క బల్లలాగే ఉంటుంది. అందుకే మౌంటు ఎంచుకునే ముందు నేను అడిగే మొదటి ప్రశ్న: మీ పడవలో ఊపిరి తీయని భాగం ఏది? మోటారు తగిలించే పలకా, డ్రాప్‌స్టిచ్ నేలా, మీరే వేసుకున్న అడ్డబల్లా? మౌంటు దానికే బిగించాలి, మెత్తటి ట్యూబుకు కాదు.

మార్కెట్లో దొరికేవి, జనం చేసుకునేవి

సక్షన్ కప్పుతో మొదలుపెడతాను, ఎందుకంటే కొన్ని పోర్టబుల్ కిట్లలో అదే వస్తుంది. నున్నటి గాజుకో ఫైబరుకో పట్టుకునేలా చేసిన కప్పు అది. వినైల్ మీద సన్నటి గరుకు ఉంటుంది, పైగా ట్యూబు వంపు. ఒడ్డున తడిపి నొక్కితే రాయిలా అతుక్కున్నట్టే ఉంటుంది. మూడేళ్ళ కిందట రే రాబర్ట్స్‌లో నాది అరగంటకే ఊడిపోయింది. ట్రాన్స్‌డ్యూసర్ వైరు పట్టుకుని వేలాడుతూ ట్రోలింగ్ మోటారు, అంటే పడవను మెల్లగా నడిపే చిన్న బ్యాటరీ మోటారు, రెక్కల్లోకి వెళ్ళింది. వైరు తెగింది. ఆ వైరు అతికిస్తే బాగుపడే రకం కాదు, అతుకు దగ్గర తెర మీద గీతలు పుట్టుకొస్తాయి. కొత్తది కొనాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఏ మౌంటు వాడినా ట్రాన్స్‌డ్యూసర్‌కు వేరే నైలాను తాడు కట్టకుండా నీళ్ళలో దించను. ఆ తాడు పొడవు మోటారు రెక్కల దాకా చేరకూడదు. సక్షన్ కప్పు వాడి తీరాలనుకుంటే, రంగు వేసిన నున్నటి మోటారు పలక మీద మాత్రమే, తాడు కట్టి.

పడవ లోపలే, నేల మీద ట్రాన్స్‌డ్యూసర్ పెట్టి అడుగునుంచి చూడొచ్చు అని కొందరు చెబుతారు. ఫైబరు పడవలో అది కుదురుతుంది. గాలి నేల మీద కుదరదు. నీటికీ గాలికీ మధ్య ఉన్న హద్దును శబ్దం దాటలేదు, 99 శాతానికి పైగా వెనక్కి తిరిగొస్తుంది. ఇలా హద్దుల దగ్గర శబ్దం వెనక్కి రావడం మీదే ఫిష్ ఫైండర్ పనిచేస్తుంది. చేప పొట్టలో ఉండే గాలితిత్తి తెర మీద గట్టిగా కనిపించడానికి కారణం కూడా అదే. మీ నేల మొత్తం ఒక పెద్ద గాలితిత్తి. దాని మీద ట్రాన్స్‌డ్యూసర్ పెడితే మీకు కనిపించేది మీ నేలే.

ట్రోలింగ్ మోటారు ఉన్నవాళ్ళకు సులువైన దారి ఒకటుంది. మోటారు గొట్టానికో అడుగు భాగానికో ట్రాన్స్‌డ్యూసర్‌ను కట్టేయడం. మోటారు పలక ఊపిరి తీయదు, మోటారు నిటారుగా దిగుతుంది, పైకెత్తితే ట్రాన్స్‌డ్యూసర్ కూడా పైకి లేస్తుంది. ఐదు నిమిషాల పని. లోపాలు రెండున్నాయి. ఒకటి, మోటారు పక్కకు తిప్పినప్పుడల్లా ట్రాన్స్‌డ్యూసర్ కూడా తిరుగుతుంది. నేరుగా కిందికి చూసే మామూలు సోనార్‌కు (శబ్దంతో నీళ్ళలోకి చూసే పరికరం) ఫర్వాలేదు గానీ పక్కలు చూపించే రకమైతే బొమ్మ అటూ ఇటూ సాగుతుంది. రెండు, మోటారు నడిచేటప్పుడు తెర మీద చుక్కల వాన కురుస్తుంది. మోటారుకూ ఫైండరుకూ ఒకే బ్యాటరీ అయితే ఆ వాన ఇంకా ఎక్కువ. ఫైండరుకు చిన్న బ్యాటరీ విడిగా పెడితే చాలావరకు తగ్గుతుంది. కట్టడానికి నల్ల జిప్ టైలు వాడండి, తెల్లవి టెక్సస్ ఎండకు ఒక వేసవిలోనే పెళుసెక్కి విరుగుతాయి. తోక కోసేటప్పుడు అంచుతో సమానంగా కోయండి. ఏటవాలుగా కోసిన జిప్ టై తోక బ్లేడు లాంటిది. మోటారు పైకెత్తి పడవలో పడుకోబెట్టిన రోజున ట్యూబుకు తగిలిందంటే అంతే.

ఒక్కమాట ఇక్కడే చెప్పాలి. టెక్సస్‌లో ఉత్త గాలి పడవకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ చిన్న ట్రోలింగ్ మోటారైనా సరే, పెట్టిన రోజు నుంచి ప్రభుత్వ జలాల్లో తిరగాలంటే రిజిస్ట్రేషన్ కావాలి, నంబరు పడవ మీద కనిపించాలి. కేవలం మౌంటు కోసమని మోటారు కొనేవాళ్ళు ఈ ఖర్చునూ కలుపుకుని చూసుకోవాలి.

అంటించే దిమ్మెలు ఇంకో దారి. స్కాటీ, రైల్‌బ్లేజా లాంటి కంపెనీలు గాలి పడవల కోసమే మెత్తటి అడుగున్న దిమ్మెలు అమ్ముతాయి. ట్యూబుకు అంటిస్తే దాని మీద ఏ చెయ్యయినా తగిలించుకోవచ్చు. మందపాటి పీవీసీ గుడ్డతో చేసిన ఖరీదైన పడవ అయితే నేను వీటికే ఓటు వేస్తాను. సరిగ్గా అంటిస్తే ఏళ్ళ తరబడి కదలవు. కానీ ఆ సరిగ్గా అనే మాటలో చాలా ఉంది. పీవీసీకి పీవీసీ జిగురు, హైపాలాన్ అనే రబ్బరు గుడ్డకు హైపాలాన్ జిగురు. ఒకదాని జిగురు రెండోదానికి పట్టదు. రెండు భాగాలు కలిపే జిగురు, ముందు శుభ్రం చేయడం, పలుచటి పూతలు, ఒక రోజుకు తక్కువ కాకుండా ఆరబెట్టడం, ఇవన్నీ ఓపిగ్గా చేయాలి. పలుచటి వినైల్ బొమ్మ పడవల మీద మాత్రం వద్దు. జిగురు పట్టినా, బరువు లాగినప్పుడు దిమ్మె ఊడదు, చుట్టూ ఉన్న వినైల్ సాగి చిరుగుతుంది. ఇంకో సంగతి, అంటించాక చోటు మార్చలేరు. అందుకే మొదటి సీజను అడ్డబల్ల మీద తిరిగి, ఏ చోటు మీ చేతికి అనువో తెలిశాకే అంటించమంటాను.

విసిరే సోనార్ గురించి కూడా రెండు ముక్కలు. డీపర్ లాంటివి బంతిలా ఉంటాయి, నీళ్ళలో తేలుతూ ఫోనుకు బొమ్మ పంపుతాయి. మౌంటే అక్కర్లేదు, పడవ పక్కన తాడుతో కట్టి వదిలేయొచ్చు, నీళ్ళ మీద తేలుతుంది కాబట్టి ఎప్పుడూ నిటారుగానే ఉంటుంది. నెలకోసారి చెరువుకు వెళ్ళేవాళ్ళకు, అపార్ట్‌మెంట్‌లో చోటు లేనివాళ్ళకు ఇది మంచిదే. నాకు నచ్చనిది ఫోను. జూలై ఎండలో ఫోను వేడెక్కి ఆగిపోతుంది, చేతులు చేప జిగటతో ఉంటాయి, పైగా అత్యవసరమైతే ఫోన్ చేయడానికి మిగలాల్సిన ఛార్జీ బొమ్మలు చూడటానికి అయిపోతుంది.

నేను స్థిరపడింది: అడ్డబల్ల, గొట్టం చెయ్యి

తమ్ముడికి చివరికి నేను చెప్పింది ఇదే. మోటారు లేని మామూలు వినైల్ పడవకు దీన్ని మించింది నాకు దొరకలేదు. రెండు ట్యూబుల మీదుగా అడ్డంగా ఒక బల్ల. బల్ల చివర నీళ్ళలోకి దిగే పీవీసీ గొట్టం, దాన్నే చెయ్యి అంటున్నాను. గొట్టం అడుగున ట్రాన్స్‌డ్యూసర్. ట్యూబు ఊపిరి తీసినప్పుడు బల్ల కొంచెం పైకీ కిందికీ కదులుతుంది గానీ రెండు వైపులా ఒకేలా కదులుతుంది కాబట్టి ఒరగదు. ఈ అమరిక గుట్టంతా అదే.

బల్లకు ఆరంగుళాల వెడల్పు పైన్ లేదా సెడార్ చెక్క చాలు. పడవ వెడల్పు కన్నా రెండు వైపులా రెండేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి. మూలలు గుండ్రంగా రాపాడండి, అంచులన్నీ ఉప్పుకాగితంతో నున్నగా చేయండి. ఆ అంచును చెంప మీద రుద్దుకుంటే గీరుకోకూడదు, నేను పెట్టుకున్న పరీక్ష అది. బయట వాడే వార్నిష్ రెండు పూతలు. ట్యూబుల మీద కూర్చునే చోట పాత యోగా చాప ముక్కలు అంటించండి. మెత్తగా ఉండటానికే కాదు, చాప ముక్క లేకపోతే తడి వినైల్ మీద బల్ల జారుతుంది. పడవ అంచున ఉండే తాడు కడియాలకు క్యామ్ స్ట్రాపులతో కట్టండి. క్యామ్ స్ట్రాపు అంటున్నది ఊరికే కాదు. ట్యూబు మెత్తబడినప్పుడు ఒక చేత్తో లాగి బిగించొచ్చు, ఎండకు ట్యూబు బిగిసినప్పుడు బొటనవేలితో నొక్కి వదులు చేయొచ్చు. ర్యాచెట్ స్ట్రాపులు వద్దు, వాటి బలం ట్రక్కు సామానుకు కావాలి. తెడ్డు కొక్కేలు వినైల్‌కు అతికించి ఉంటాయి, వాటిని పక్కకు లాగేలా ఏదీ కట్టొద్దు.

గొట్టం ముప్పావు అంగుళం తెల్ల పీవీసీ, షెడ్యూల్ 40 అనే గోడ మందంది. అర అంగుళంది సన్నం, తెడ్డు వేస్తుంటే వణుకుతుంది. అంగుళంది గట్టిదే గానీ నీళ్ళను ఎక్కువ కోస్తుంది, వెనక్కి ఒరుగుతుంది. ఒక టీ ముక్క, ఒక ఎల్బో, మూతలు. ఇక్కడ లోస్‌లోనో హోమ్ డిపోలోనో పది అడుగుల గొట్టం ఒకటి కొంటే రెండు చేతులకు సరిపడా వస్తుంది.

గొట్టం పొడవు కొలవడంలోనే చాలామంది తప్పు చేస్తారు. గరాజ్‌లో గాలి కొట్టిన పడవ పక్కన నిలబడి కొలిస్తే లాభం లేదు. నీళ్ళలో, మీరు కూర్చున్నాక, సామానుతో కొలవాలి. ట్యూబు ఎంత మునుగుతుందో అప్పుడే తెలుస్తుంది. ట్రాన్స్‌డ్యూసర్ ముఖం ట్యూబు అడుగు కన్నా రెండంగుళాలు కింద ఉంటే శంకువుకు అడ్డు రాదు. అంతకన్నా కిందికి పోతే ఒడ్డు దగ్గర మొద్దులకు కొట్టుకుంటుంది. అందుకే గొట్టాన్ని ముందు నాలుగంగుళాలు ఎక్కువే కోసుకుని, బల్లకు బిగించే చోట పైకీ కిందికీ జరిగేలా ఉంచి, మొదటి ప్రయాణంలో సరిచూసుకుని అప్పుడు కోయండి.

బల్లకు బిగించేది టీ ముక్కతో. టీ అడ్డు చెయ్యిలోంచి ఒక చిన్న గొట్టం ముక్క దూర్చి, దాన్ని బల్ల కింద రెండు గొట్టపు క్లిప్పులతో బిగించాలి. ఈ ఒక్క కీలు దగ్గర జిగురు వేయొద్దు. చెయ్యి ఈ కీలు మీద వెనక్కి ఊగాలి. నీళ్ళలో మొద్దు తగిలితే చెయ్యి విరగకుండా పైకి లేవాలంటే అదే దారి. మామూలుగా నిటారుగా నిలవడానికి అడ్డంగా ఒక రంధ్రం వేసి సన్నటి వెదురు పుల్ల దూర్చండి, కబాబులకు వాడే పుల్ల. గట్టిగా తగిలితే పుల్ల విరుగుతుంది, చెయ్యి ఊగుతుంది, ట్రాన్స్‌డ్యూసర్ బతుకుతుంది. పుల్లలు జేబులో ఒక కట్ట. స్టీలు బోల్టు పెడితే దెబ్బంతా బల్లకు, బల్ల నుంచి ట్యూబుకు పోతుంది.

ట్రాన్స్‌డ్యూసర్ బ్రాకెట్టుకు చదునైన చోటు కావాలి, గొట్టం గుండ్రంగా ఉంటుంది. కొందరు గొట్టం చివరను వేడిచేసి రెండు చెక్కల మధ్య నొక్కి చదును చేస్తారు. చేయొచ్చు, కానీ ఇంటి బయటే చేయాలి. పీవీసీ మాడితే వచ్చే పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు. నాకు నచ్చింది వంటింటి దారి. కూరలు తరిగే తెల్ల ప్లాస్టిక్ పలక ఒకటి కొని, రంపంతో అరచేతి అంత ముక్క కోసి, రెండు స్టెయిన్‌లెస్ బోల్టులతో గొట్టానికి బిగిస్తాను. ఆ పలకకు నీళ్ళు పట్టవు, చీలదు, రంధ్రం చక్కగా పడుతుంది. జిగురు మాత్రం దానికి అంటదు, కాబట్టి బోల్టులే. నైలాను లోపలున్న నట్లు వాడితే అదురుకు వదులవవు. బోల్టు తల ట్యూబు వైపు, నట్టు బయటి వైపు. మిగిలిన మర కోసేసి గుండ్రటి టోపీ నట్టు పెట్టండి. గాలి పడవలో ప్రతి చివరా ఒకరోజు ట్యూబును తాకుతుంది అనుకునే చేయాలి.

గొట్టానికి కింద రెండు, పైన రెండు రంధ్రాలు వేయండి. నీళ్ళు లోపలికి పోయి బయటికి రావాలి. మూసేసిన గొట్టం పైకి తేలాలని చూస్తుంది, పుల్ల మీద బరువు పడుతుంది. వైరును గొట్టంలోంచి తీసుకెళ్ళాలని చూడకండి, మలుపుల దగ్గర కనెక్టరు తల ఇరుక్కుంటుంది, దాని కోసం వైరు కోయాలనిపిస్తుంది. కోయొద్దు. గొట్టం వెనక వైపు వెల్క్రో పట్టీలతో కట్టుకుంటూ రండి, కీలు దగ్గర అరచేతి పొడవు వదులు ఉంచండి.

ఏ వైపు పెట్టాలి? మీరు చేపను వలలోకి తీసుకునే వైపు కాకుండా రెండో వైపు. రెండు పౌన్ల క్రాపీకి ఇది పట్టింపు లేదు. కానీ టెక్సోమా చెరువులో చారల బాస్ చేప ఒకటి పడవ కింద నుంచి దూసుకుపోయినప్పుడు దారం గొట్టానికి చుట్టుకుంటే చేపో, గొట్టమో, లేదా రెండూ పోతాయి. లంగరు తాడు కూడా ఆ వైపు ఉండకూడదు.

నిటారు చూడటానికి ఫోనులో లెవెల్ చూసే యాప్ చాలు. పడవలో మీ చోట మీరు కూర్చున్నాక, గొట్టం పై చివర మీద ఫోను ఆనించి చూడండి. ఒక్కరే ఉంటే పడవ వెనక్కి వాలుతుంది, ఇద్దరుంటే సరిగ్గా ఉంటుంది. అందుకే నా బల్ల మీద పుల్ల రంధ్రాలు రెండు ఉన్నాయి. ఒకటి నేను ఒక్కడినే వెళ్ళే రోజుకు, ఒకటి మా అబ్బాయి వచ్చే రోజుకు.

తెర, బ్యాటరీ

తెరను బల్లకే బిగించండి, మీ మోకాలికి ఎదురుగా. ఒక అంగుళం బంతి ఉండే ర్యామ్ మౌంటు పెడితే ఎండ పడినప్పుడు తిప్పుకోవచ్చు. డబ్బులు పెట్టకూడదనుకుంటే గార్మిన్ స్ట్రైకర్ లాంటి వాటితో పెట్టెలోనే వచ్చే కాలు చాలు. తెర ఎంత తక్కువ ఎత్తులో ఉంటే అంత మంచిది. నిలువు గొట్టం మీద ఎత్తుగా పెడితే అందంగా ఉంటుంది గానీ గాలం విసిరిన ప్రతిసారీ దారం దానికే తగులుతుంది. బల్ల వద్దనుకునేవాళ్ళు బ్యాటరీ డబ్బా మూతకే తెర బిగించి డబ్బాను కాళ్ళ మధ్య పెట్టుకోవచ్చు. మోటారు గొట్టానికి ట్రాన్స్‌డ్యూసర్ కట్టినవాళ్ళకు ఈ జత చక్కగా కుదురుతుంది.

బ్యాటరీకి పెద్ద ఆలోచన అక్కర్లేదు. చిన్న ఫైండర్లు పావు ఆంపియర్ అటూ ఇటూ తింటాయి. 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ లెడ్ బ్యాటరీలో సగమే వాడుకున్నా 14 గంటలు వస్తుంది. రెండు కిలోలు దాటే బరువు. లిథియం ఐరన్ ఫాస్ఫేటు రకం దాదాపు కిలోలోనే వస్తుంది, ఖరీదు ఎక్కువ. గాలి పడవను భుజాన మోసుకెళ్ళేవాళ్ళకు ఆ కిలో తేడా తెలుస్తుంది. ఏదైనా సరే, ప్లస్ వైరులో బ్యాటరీకి దగ్గర్లో ఫ్యూజు ఉండాలి, ఎన్ని ఆంపియర్లదో ఫైండరు పుస్తకంలో ఉంటుంది. వినైల్ పడవలో వైర్లు కాలితే కూర్చున్న చోటే గాలి పోతుంది. డబ్బాను పడవకు కట్టేయండి.

మరి ఎవరికి ఏది?

మోటారు ఇప్పటికే ఉంటే మోటారు గొట్టానికి ట్రాన్స్‌డ్యూసర్, డబ్బా మీద తెర. ఇంకేం వెతకొద్దు. మోటారు లేని వినైల్ పడవైతే అడ్డబల్ల. డ్రాప్‌స్టిచ్ నేల, మందపాటి పీవీసీ ఉన్న పడవైతే ఒక సీజను అడ్డబల్లతో తిరిగాక అంటించే దిమ్మె. ఏడాదికి మూడు నాలుగుసార్లే వెళ్తాననుకుంటే విసిరే సోనార్, ఫోనుకు తడవని కవరు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు మాత్రం ఏది ఎంచుకున్నా చెయ్యి పిల్లలు ఎక్కే వైపు కాకుండా చూసుకోండి. టెక్సస్‌లో 13 ఏళ్ళ లోపు పిల్లలు ఇలాంటి పడవ కదులుతున్నంతసేపూ లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలి, అది చట్టం. నేనైతే పెద్దవాళ్ళను కూడా వేసుకోనిదే ఎక్కనివ్వను. గాలి పడవ వసంతకాలపు దక్షిణపు గాలికి ఆకులా కొట్టుకుపోతుంది.

చివరగా, ఒడ్డుకు వచ్చాక చేయాల్సిన పని. టెక్సోమాలో 2009లో, రే రాబర్ట్స్‌లో 2012లో జీబ్రా మసెల్స్ కనబడ్డాయి. గోరంత ఆల్చిప్పలు. రాళ్ళకూ మొద్దులకూ గుత్తులుగా అతుక్కుని ఉంటాయి, అంచులు కత్తిలా ఉంటాయి. ఒడ్డున గాలి పడవను వాటి మీదుగా ఈడిస్తే అడుగు చిరుగుతుంది, ఇద్దరు పట్టుకుని ఎత్తాల్సిందే. వాటి పిల్లలు కంటికి కనిపించవు, ఒక గ్లాసు నీళ్ళలో దాక్కుని ఇంకో చెరువుకు వెళ్ళిపోతాయి. 2014 నుంచి టెక్సస్‌లో ఏ పడవైనా, మోటారు ఉన్నా లేకపోయినా, చెరువు వదిలేటప్పుడు నీళ్ళన్నీ వంపేయాలి. గొట్టానికి రంధ్రాలు వేయమన్నది ఇందుకు కూడా. చెయ్యి తీసి తలకిందులుగా పట్టుకుని నీళ్ళు కారేదాకా ఆగండి, వెల్క్రో పట్టీలు విప్పండి, యోగా చాప ముక్కల కింద చెయ్యి పెట్టి తుడవండి. ఇంటికి వెళ్ళాక గరాజ్‌లో నిలబెట్టి వారం పాటు ఎండనివ్వండి. ఆ వారం ముగియకుండా ఇంకో చెరువుకు వెళ్ళాల్సి వస్తే బల్ల, చెయ్యి ఇంట్లో వదిలి ఉత్త గాలంతో వెళ్ళండి, పడవ కూడా ఆరకపోతే ఒడ్డునే కూర్చోండి.